అడుగంటకుండా కాసిన్ని నీళ్ళు

ఇంకా తగ్గించాలి మంట, ఇంకా, ఆరిపోతుందేమో అనిపించేంత తగ్గించి మళ్ళీ ఒక్క పిసరు పెంచితే అదీ సరైన మంట, కల్యాణ్ చెప్పింది అదే, కింది గిన్నెలో నీళ్ళు మరగకూడదు వదినా, ఆవిరి వస్తే చాలు, ఆ ఆవిరికే పైగిన్నెలో చాక్లెట్ కరుగుతుంది, అని చేతులు తిప్పుతూ చెప్పాడు, వాళ్ళాయన వాసు ఆఫీసులో పక్క సీటు అబ్బాయి, సింగపూర్‌లో ఆర్నెల్లు ప్రాజెక్టు చేసొచ్చినప్పుడు కొనుక్కొచ్చిన చాక్లెట్ ఫౌంటెన్ మిషన్ని మొన్న అట్టపెట్టెతో సహా తెచ్చి ఇచ్చాడు, ఇచ్చి వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర ఆగి మరీ చెప్పాడు, ఒక్క చుక్క నీళ్ళు తగిలినా పోతుంది వదినా, గిన్నె, గరిటె, మీ చెయ్యి, అన్నీ పొడిగా ఉండాలి, చాక్లెట్‌కీ నీళ్ళకీ పడదు, అని, సరేలేవయ్యా అంది సత్యవేణి, ఇదేమైనా బ్రహ్మవిద్యా అనుకుంది, ఇప్పుడు చూస్తే చెయ్యి పట్టేసింది, పట్టెయ్యదా మరి, పొద్దుటినుంచీ రెండు కేజీల చాక్లెట్ పలకల్ని కత్తితో ముక్కలు కొట్టిన చెయ్యి, మోండా మార్కెట్లో కేకు సామాన్లమ్మే షాపాయన ఆ పలకలు తూచి ఇస్తుంటే ఇటుకల్లా ఉన్నాయేంటండీ అనడిగితే నవ్వి, కరిగితే వెన్నేనమ్మా అన్నాడు, వెన్నే అవుతోంది, గిన్నె అంచుల్లో నల్లగా నిగనిగలాడుతూ జారుతోంది, అమ్మయ్య, పిల్లలు అయిదింటికి కదా వచ్చేది, ఇంకా నాలుగు కూడా కాలేదు, వాసు కేకు తేవడానికి వెళ్ళాడు, దుర్గ గదిలో తలుపేసుకుని కొత్త గౌను అద్దంలో చూసుకుంటోంది, అంతా అనుకున్నట్టే జరుగుతోంది.

ఫౌంటెన్ అనే మాటని ఈ ఇంట్లోకి తెచ్చింది దుర్గే, సాయిదుర్గ, ఒక్కగానొక్క కూతురు, ఇవాళ్టితో పదేళ్ళు నిండాయి, బొల్లారం వైపు కొత్తగా పెట్టిన పెద్ద స్కూల్లో ఈ ఏడే వేశారు, జీతం పెరిగింది కదా, సాఫ్ట్‌వేర్ వాళ్ళ పిల్లలందరూ అక్కడే కదా అని వాసు పట్టుబట్టి వేశాడు, ఆ క్లాసులో ఎమిలీ అని ఒక పిల్ల, వాళ్ళింట్లో పుట్టినరోజుకి వెళ్ళొచ్చిన రోజు దుర్గ అన్నం ముందు పెట్టుకుని తినకుండా చెబుతూ కూర్చుంది, అమ్మా, చాక్లెట్ పైనుంచి కిందకి పరదాలా జారుతూనే ఉందమ్మా, పుల్లకి పండు గుచ్చి దాని కింద పెడితే చాలు, చెబుతుంటే దాని కళ్ళు ఇంతింతయ్యాయి, మనింట్లోనూ పెడదామే అనేసింది సత్యవేణి, ముందూ వెనకా చూసుకోలేదు, ఏం చూసుకుంటుంది, ఆ పిల్ల అంతంత కళ్ళు చేసుకుని తనవైపు చూసి ఎన్నాళ్ళయింది, స్కూల్లో మీటింగ్ అయిన దగ్గర్నుంచీ చూడ్డమే మానేసింది కదా, ఆ మీటింగ్, ఛీ, తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కిపోతాయి, టీచరు పిల్ల చదువు గురించి ఏదో అడిగింది, ఇంగ్లీషులో జవాబు వెతుక్కునేలోగా కంగారులో సొంత నోరు తెరుచుకుంది, ఇంటికాడ బాగానే సదువుతాదండీ, పరీక్షనేసరికి ఏటవుద్దో మరి, అంది, వెనక వరసలో ఎవరో పిల్ల కిసుక్కుమంది, ఆ పిల్ల తల్లి కూడా పెదవి బిగబట్టుకుంది, ఆ మర్నాటి నుంచి స్కూలు బస్సులో దుర్గ పేరు దుర్గ కాదు, ఏటవుద్ది ఎక్కింది, ఏటవుద్ది దిగింది, ఏటవుద్దీ హోంవర్క్ చేశావా, పిల్ల ఏడుస్తూ ఇల్లు చేరింది, సంగతి బస్సు ఆయా చెబితే తెలిసింది, పది రోజుల తర్వాత తల దువ్వుతుంటే అద్దంలోంచి, ముఖం కూడా తిప్పకుండా, అమ్మా, నా ఫ్రెండ్స్ వచ్చినప్పుడు నువ్వు లోపలే ఉంటావా, ప్లీజ్, వాళ్ళతో డాడీ మాట్లాడతాడులే, అంది, దువ్వెన చేతిలోనే ఆగిపోయింది, అలాగేలేమ్మా అని జడ అల్లింది, ఎంత గట్టిగా అల్లిందో, పిల్ల అబ్బా అంది, వాసుకి చెప్పలేదు ఆ మాట, ఎలా చెబుతుంది, చెప్పాలంటే తన నోటితో తను మళ్ళీ అనాలి కదా.

కానీ లోపల ఉండదు, ఉండనే ఉండదు, ఫౌంటెన్ పారుతుంటే పిల్లలందరూ దాని చుట్టూ మూగి నోళ్ళు తెరుచుకుని చూస్తారు, అప్పుడు పట్టుచీర కట్టుకుని పళ్ళ పళ్ళెం పట్టుకుని తనే బయటికొస్తుంది, హాయ్ చిల్డ్రన్, ప్లీజ్ కమ్, డోంట్ బి షై, టేక్ వన్ స్టిక్, వారంనుంచీ బాత్‌రూంలో కుళాయి వదిలేసి ఆ చప్పుడులో పాఠం చేస్తోంది, స్టిక్ అనాలి, ఇస్టిక్ అనకూడదు, ఏటి అనకూడదు, ఏంటి అనాలి, బావ అనకూడదు, పిల్లలు ముందుంటే వాసూ అనాలి, దుర్గ చెప్పిందది, మేనబావని చేసుకున్నావని వాళ్ళకి తెలియక్కర్లేదమ్మా అని, పదేళ్ళ పిల్లకి అంత ముందుచూపేంటో, అంతా అనుకున్నట్టు జరిగితే రేపు బస్సులో ఏటవుద్ది అనే మాట ఉండదు, చాక్లెట్ ఫౌంటెన్ వాళ్ళమ్మాయి అంటారు, అప్పుడు దుర్గ చూస్తుంది తనవైపు, ఆ కళ్ళతో, అందుకే కదా ఈ పాట్లన్నీ, లేకపోతే తనకి చాక్లెట్ అంటే వెగటు, నోట్లో పెట్టుకోదు, అడుగునుంచి తిప్పాలి, మెల్లగా, గరిటె గిన్నె దాటకుండా, ఏంటిది, గరిటె కొంచెం బరువుగా ఉందేం, చెయ్యి నొప్పివల్ల కాబోలు.

అత్త ఎక్కడ, హాల్లో ఉన్నట్టుంది, దగ్గు వినిపించింది, అప్పలకొండమ్మ సత్యవేణికి వట్టి అత్తే కాదు, తండ్రి తోడబుట్టిన మేనత్త, తల్లి చిన్నప్పుడే పోతే విజయనగరం పక్కన పల్లెలో తనని ఎత్తుకుని పెంచిన మనిషి, సత్యవేణి నోట్లో పలికే ప్రతి ఏటీ, ప్రతి నానూ ఆవిడ నోటినుంచి వచ్చి చేరిందే, నాలుగేళ్ళ కిందట మావయ్య పోయాక వాసు వెళ్ళి ఇక్కడికి తీసుకొచ్చాడు, సికిందరాబాద్ ఎలా ఉందత్తా అంటే గాలి బాగుందే గానీ పలకరించీవోలే నేరు అంది, పలకరించేవాళ్ళు లేరన్నది ఆ ఒక్కసారే, పొద్దున్నే లేచి పాలు కాచేది ఆవిడే, ఆవిడ కాస్తే పాలు ఒక్కనాడూ అడుగంటవు, పొద్దున మాత్రం రెండుసార్లు వంటింట్లోకి వచ్చింది, ఏటే సత్యా, నానో సెయ్యెయ్యనా, ఒక్కదానివీ ఎంతకని కొడతావు ఆ రాళ్ళు, అని, ఒద్దత్తా, నువ్వేటీ ముట్టుకోకు, నీకు తెలీదిది, అని రెండుసార్లూ పంపేసింది, పంపేస్తూనే ఆ మాటా చెప్పేసింది, పిల్లలొచ్చే ఏళకి నువ్వు కిందకెళ్ళి శారదమ్మగారింట్లో టీవీ చూసుకో అత్తా, పాతికమంది పిల్లలు, గోల గోల చేస్తారు, నీకు తలపోటొస్తాది, అంటే అప్పలకొండమ్మ చీర అంచు సవరించుకుంటూ, కేకు కోసీటప్పుడైనా రానా, అంది, కిందకే పంపిస్తాన్లే అత్తా, అందరికన్నా ముందు ముక్క నీకే, అంది సత్యవేణి, అలాగేలే అమ్మా అంది ఆవిడ, ఆవిడ మంచికే కదా, గోల పడదు కదా ఆవిడకి, నిజంగానే పడదు.

అదేంటి, ఇదేంటి ఇలా అవుతోంది, మెరుపేదీ, ఇందాకటి నిగనిగేదీ, అంచుల్లో జారుతున్నది జారడం ఆగిపోయింది, గరిటె తిప్పుతుంటే చాక్లెట్ గరిటెతోపాటే తిరుగుతోంది, ముద్దగా, ఇసకపలుకులు కలిసినట్టు గరగరలాడుతూ, మంట ఎక్కువైందా, లేదు, ఆవిరి పోయిందా లోపలికి, లేదు, పైగిన్నె సరిగ్గా కూర్చుంది, ఇంకొంచెం తిప్పితే కరుగుతుందేమో, తిప్పింది, ఇంకా బిగిసింది, తిప్పినకొద్దీ బిగుస్తోంది, బంకమట్టి ముద్దలా గరిటెకి అంటుకుని పైకి లేచి వచ్చేస్తోంది, ఒక్క చుక్క నీళ్ళు తగిలినా పోతుంది వదినా, చుక్క ఎక్కడిది, కత్తి తుడిచింది, చెక్కపలక తుడిచింది, గరిటె తుడిచింది, గిన్నె, గిన్నె రాత్రే కడిగి బోర్లించి పొద్దున పొడిగుడ్డతో తుడిచి పొయ్యిపక్కన పెట్టింది, తర్వాత దుర్గ రిబ్బన్లు కనబడ్డంలేదని అరిస్తే గదిలోకి వెళ్ళి వెతికిచ్చి వచ్చి, ముక్కలన్నీ పళ్ళెంతో ఎత్తి గిన్నెలో కుమ్మరించింది, గిన్నెలోకి చూసిందా, చూళ్ళేదు, డోంట్ బి షై అనుకుంటోంది అప్పుడు, షై అనాలా షాయ్ అనాలా అని ఆలోచిస్తోంది, అత్తా, అత్తా, ఓలత్తా ఇలా రా, ఈ గిన్నె నువ్వేటైనా ముట్టుకున్నావా, అప్పలకొండమ్మ తడిచెయ్యి చీరకి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది, ముఖంలో చిన్న సంతోషం, మెచ్చుకుంటారని ఎదురుచూసేవాళ్ళ సంతోషం, అవునే, గిన్నె పొడిగా పెట్టీసినావు, అడుగంటిపోద్దని కాసిన్ని నీళ్ళేసి తిప్పినాను, పాలకి ఏస్తాం కదా, మరిసిపోనావేమో అని, అంది.

అయిపోయింది, అంతా అయిపోయింది, పాలు కావత్తా అవి, పాలు కావు, నీకేటి తెలుసని సెయ్యెట్టినావు, ముట్టుకోకు ముట్టుకోకు అని సిలక్కి సెప్పినట్టు సెప్పినాను కదా, నా గుంట పుట్టినరోజు నాశనం సేసీసినావు, ఇంకేటి, ఎల్లు, కిందకెల్లు, అయిదవనక్కర్లేదు, ఇప్పుడే ఎల్లు, పార్టీ అయ్యేదాకా పైకి రాకు, నోట్లోంచి ఏ మాట వస్తోందో తనకే తెలియలేదు, వారం రోజులు కుళాయికింద కడుక్కున్న మాటలన్నీ ఒక్కటీ మిగల్లేదు, అరుస్తుంటే గొంతు అచ్చం అప్పలకొండమ్మ గొంతే, తన చిన్నప్పుడు ఆవిడ గట్టుమీదినుంచి మేకల్ని అదిలించిన గొంతు, ఆ గొంతుతోనే ఆవిడని అదిలిస్తోంది, అప్పలకొండమ్మ, పాపం గుంటకి, అని తనలో తను గొణుక్కుని, చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోయి మెట్లు దిగిపోయింది, కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు, సత్యవేణికి ఆ దిగే చప్పుడు వినిపిస్తూనే ఉంది, వినిపించకూడదని గరిటె గిన్నెకేసి కొట్టింది, వెనక్కి తిరిగితే వంటింటి గుమ్మంలో దుర్గ, కొత్త గౌనులో, ముద్దైపోయిన చాక్లెట్ వైపు చూస్తోంది, కళ్ళనిండా నీళ్ళు, అమ్మా ఇంక ఫౌంటెన్ లేదా, అందరికీ చెప్పేశానమ్మా, ఎమిలీకి కూడా చెప్పేశాను, అంది, ఉంటుందమ్మా, ఉంటుంది, నువ్వెళ్ళు, అంది సత్యవేణి, దుర్గ వెళ్ళబోతూ ఆగి, నానమ్మ ఇంక పైకి రాదు కదా, అంది, రాదులే, అంది సత్యవేణి, హమ్మయ్య అని పిల్ల గదిలోకి వెళ్ళిపోయింది, ఆ హమ్మయ్య దగ్గర లోపల ఏదో చిన్నగా గుచ్చుకుంది, ఏంటో చూసుకునే తీరిక లేదు.

ఫోను మోగుతోంది, వాసు, ప్యారడైజ్ సిగ్నల్ దగ్గర ఇరుక్కుపోయాను సత్యా, కేకు ఒళ్ళో పెట్టుకుని ఆటోలో ఉన్నాను, అంతా రెడీయేనా, అంటున్నాడు, బావా చాక్లెట్ పోయింది బావా, అంది, పోవడమేంటి, అన్నాడు, హారన్ల మోతలో సగం వినిపించలేదు, మోండాకెళ్ళి మళ్ళీ కొనుక్కు రానా అన్నాడు, ఆదివారం బావా, ఆ షాపు మధ్యాహ్నానికే కట్టేశాడు, తెరిచున్నా ఎప్పుడు కొడతాను, ఎప్పుడు కరిగిస్తాను, అంది, పోనీలే, ఆ ఫౌంటెన్ లేకపోతే ఏమైంది, కేకుంది, సమోసాలున్నాయి, పిల్లలే కదా, అన్నాడు, పిల్లలే కదా, అట, ఏం తెలుసు బావకి, బస్సులో ఏం పిలుస్తారో తెలుసా, అద్దంలోంచి ఏమందో తెలుసా, సరేలే జాగ్రత్తగా రా, అని పెట్టేసింది, గిన్నెముందు నిలబడి ఏడుపొచ్చేస్తోంది, ఏడవకూడదు, ఏడిస్తే ఇంకో చుక్క, అనుకుని తనమీద తనకే కోపమొచ్చి చీరకొంగుతో ముఖం తుడుచుకుంది, ఇంకో చుక్క పడితే ఏమవుద్ది, ఇంతకన్నా ఏమవుద్ది, ఎలాగూ పారబొయ్యాల్సిందే కదా, ఈ గరగర ఎక్కడో చూసింది, ఈ ముద్దకట్టడం, చోడిపిండి, అవును, ఎండాకాలం కాచే రాగి అంబలి, మరిగే నీళ్ళల్లో చోడిపిండి ఒక్కసారిగా వేసేస్తే ఇలాగే ఉండలు కట్టేది, ఏడేళ్ళ సత్య పొయ్యిముందు బిక్కమొహం వేస్తే, ఏటయిందే ఇప్పుడు, ఇంకాసిన్ని నీళ్ళు పొయ్యి, గిలకొట్టు, అంతే, అనేది అత్త, తక్కువ పోస్తేనే ముద్దవుద్ది, సాలినంత పోస్తే దారికొస్తాది, అనేది, ఫ్రిజ్‌లో పాలున్నాయి, రెండు ప్యాకెట్లు, కాచింది, గిన్నెలో అడుగున నీళ్ళు వెయ్యకుండానే కాచింది, అడుగంటింది, అంటనీ, వేడివేడి పాలు ముద్దలోకి గరిటెడు పోసి మజ్జిగ కవ్వం తీసుకుని చిలికింది, ఇంకా గట్టిగా అయింది, దేవుడా, ఇంకో గరిటెడు, ఇంకో గరిటెడు, భుజం లాగేస్తోంది, కవ్వం కింద ముద్ద మెల్లగా విడిపోవడం మొదలుపెట్టింది, ఇసక కరిగింది, నలుపు తేటబడింది, ఇంకొంచెం పాలు, జారుతోంది, కవ్వం ఎత్తితే ధారగా జారుతోంది, ఎమిలీ వాళ్ళింట్లోలాగా చిక్కగా నిగనిగలాడుతూ కాదు, పల్చగా, కొంచెం వెలిసిన రంగులో, కానీ జారుతోంది.

హాల్లో బల్లమీద మిషను పెట్టి, స్టీలు తొట్టెలో చాక్లెట్ పోసి, స్విచ్ వేసి, ఊపిరి బిగబట్టి నిలబడింది, మోటారు గుర్రుమంది, ఏమీ రాలేదు, ఏమీ రాలేదు, గొట్టం లోపల గుడగుడ, పైనుంచి ఒక్క బుడగ వచ్చి పగిలింది, తర్వాత నల్లగా పొంగి మొదటి పళ్ళెం నింపి రెండో పళ్ళెం మీదకి జారింది, ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ, పరదా ఒకచోట చిరిగినట్టు, అయినా పారింది, పారుతోంది, సత్యవేణి కుర్చీలో కూలబడింది, నవ్వొచ్చింది, నవ్వుతూ అత్తా చూడే అనబోయింది, నోటిదాకా వచ్చింది ఆ పిలుపు, హాల్లో ఎవరూ లేరు, గుమ్మం దగ్గర చెప్పులు, పాత హవాయి చెప్పులు, ఒకటి తిరగబడి ఉంది, అప్పుడే మెట్లెక్కి శారదమ్మ వచ్చింది, కింద వాటా ఇల్లుగలావిడ, ఈ రాంగోపాల్‌పేట్‌లోనే పుట్టి ఈ గల్లీలోనే కోడలైన మనిషి, తన ఫ్రిజ్‌లో పెట్టమని ఇచ్చిన పళ్ళముక్కల పళ్ళేలు రెండు చేతుల్లో పట్టుకుని ఆయాసపడుతూ, ఇగో సత్తెవేణీ, నీ పండ్లు, గిదేనా గా మిషన్, మంచిగనే ఉన్నది గదా, మరి మీ అత్తకేం చెప్పినవ్, గామె గంత పరేషాన్ అయితున్నది, అంది, ఏం లేదండీ, ఏం చేస్తున్నారు, టీవీ చూస్తున్నారా, అంది సత్యవేణి, ఏంది చూసేది, పెడుతానంటే వద్దన్నది, నన్ను పట్టుకోని ఒకటే అడుగుడు, శారదమ్మా, పిల్లలు నవ్వకుండ ఎట్ల మాట్లాడాలె, జెర నేర్పరాదు, అంటున్నది, నా మాటకే నా కొడుకు పెండ్లాం నవ్వుతది, నేనేం నేర్పాలె చెప్పు, ఆఖరికి హ్యాపీ బడ్డే అనుడొక్కటి చెప్పిన, అప్పటి సంది గోడకు మొకం పెట్టి అనుకుంటనే ఉన్నది, హ్యాపీ బడ్డే, హ్యాపీ బడ్డే, అని, మనుమరాలి ముంగట తప్పు రావద్దంట, శారదమ్మ నవ్వుతూనే చెప్పింది, చెప్పి పళ్ళేలు బల్లమీద పెట్టి, నేను చీర మార్చుకోని వస్త, అని వెళ్ళిపోయింది.

గోడకి ముఖం పెట్టి, అక్కడ ఆవిడ గోడకి ముఖం పెట్టి, ఇక్కడ తను కుళాయి వదిలేసి, ఒకే ఇంట్లో కిందా పైనా ఇద్దరు ఆడవాళ్ళు పదేళ్ళ పిల్లముందు తప్పు రాకూడదని పాఠాలు వల్లించుకుంటూ, నానమ్మ ఇంక పైకి రాదు కదా, హమ్మయ్య, ఆ హమ్మయ్య ఎక్కడ విన్నది, ఎవరిది ఆ గొంతు, లోపలే ఉంటావా, ప్లీజ్, వాళ్ళతో డాడీ మాట్లాడతాడులే, ఆ మాట పుట్టింది బస్సులోనా, స్కూల్లోనా, ఎమిలీ ఇంట్లోనా, ఇన్నాళ్ళూ అక్కడే వెతికింది, ఆ స్కూలుని తిట్టుకుంది, ఆ నవ్విన పిల్లని తిట్టుకుంది, కాదు, నాలుగేళ్ళ కిందట, అత్త కొత్తగా వచ్చిన రోజులు, వాసు ఆఫీసులో పెద్దమేనేజరు భార్యతో భోజనానికి వస్తున్నాడని ఇల్లంతా సర్దిన రోజు, అప్పలకొండమ్మ పెట్టె అడుగునుంచి గంజిపెట్టిన నేతచీర తీసి కట్టుకుని, బొట్టు లేని నుదుటిమీద విభూతి దిద్దుకుని, ఇదే హాల్లో కుర్చీలో బుద్ధిగా కూర్చుంది, వచ్చేవాళ్ళని పలకరించాలి కదా అని, సత్యవేణి వంటింట్లోంచి వచ్చి చూసి, ఏమందప్పుడు, ఎంత మెత్తగా అంది, అత్తా, వాళ్ళొచ్చినప్పుడు నువ్వు లోపలే ఉండు, వాళ్ళతో బావ మాట్లాడతాడులే, అంది, అత్త అలాగేలే అమ్మా అని లేచి లోపలికి వెళ్ళింది, తలుపు దగ్గరికి వేస్తూ సత్యవేణి, హమ్మయ్య, అంది, పైకే అంది, కింద చాపమీద బోర్లా పడుకుని ఆరేళ్ళ దుర్గ బొమ్మలపుస్తకంలో ఏనుక్కి ఎర్రరంగు వేస్తోంది, తలెత్తి చూసింది, తలుపుని చూసింది, అమ్మని చూసింది, మళ్ళీ రంగు వేసుకుంది, ఒక్క పొల్లు పోకుండా, అమ్మ అత్తకి చెప్పినట్టే కూతురు అమ్మకి చెప్పింది, అంతే, అంతకంటే ఏమీ జరగలేదు, పిల్ల ఎక్కడికీ వెళ్ళి నేర్చుకోలేదు, ఈ ఇంట్లో కూర్చుని, రంగులేసుకుంటూ, నా నోట్లోంచి నేర్చుకుంది.

గేటు గొళ్ళెం చప్పుడు, వాసు కేకు తెచ్చిన ఆటో, కార్ల తలుపులు, మెట్లమీద బూట్ల టకటకలు, పిల్లల గోల, వేర్ ఈజ్ ద ఫౌంటెన్ అంటూ ఎమిలీ గొంతు అన్నిటికన్నా ముందు, దుర్గ గదిలోంచి పరుగెత్తుకొచ్చి, పారుతున్న చాక్లెట్ని చూసి, అమ్మా అని అరిచి, ఆ కళ్ళు, అంతంత కళ్ళు, తనవైపే, ఇన్నాళ్ళు దేనికోసం చచ్చిందో ఆ కళ్ళు, అవే కళ్ళు మరుక్షణం గుమ్మంవైపు తిరిగి, మళ్ళీ తల్లివైపు తిరిగి, చిన్నగా వంటింటివైపు చూపించాయి, ఇంక వెళ్ళమ్మా అన్నట్టు, వెళ్తే ఏం పోతుంది, అలాగేలేమ్మా అని వెళ్ళిపోతే పిల్ల సంతోషంగా ఉంటుంది, లేదూ పళ్ళెం పట్టుకుని హాయ్ చిల్డ్రన్ అంటే ఇంకా సంతోషంగా ఉంటుందేమో, మాటలు నాలిక చివర సిద్ధంగానే ఉన్నాయి, డోంట్ బి షై, సత్యవేణి గుమ్మం దాటింది, పాలూ చాక్లెట్టూ మరకలున్న పాత చీరలోనే దాటింది, తిరగబడిన హవాయి చెప్పుని సరిచేసి రెండూ చేతిలోకి తీసుకుంది, మెట్ల మొదట్లో నిలబడింది, సగం మెట్లమీద పిల్లలు, వాళ్ళ వెనక ఒకరిద్దరు తల్లులు, అందరూ తలలెత్తి చూస్తున్నారు, చెవులు వేడెక్కిపోతున్నాయి, వేడెక్కనీ, కమ్మీ మీదినుంచి వంగి, గట్టుమీదినుంచి పిలిచే ఆ గొంతుతో, ఓలత్తా, బేగి పైకి రాయే, పిల్లలొచ్చీసినారు, నువ్వు నేకపోతే కేకు కొయ్యం, నీ అంబలి నాగే సేసినాను, ఉండలిడిపోయి ఎంత బాగా పారతందో సూద్దువుగాని రా, అని పిలిచింది, గల్లీ అంతా వినబడేలా పిలిచింది, మెట్లమీద ఎవరో కిసుక్కుమన్నారు, ఎవరో కాదు ఇద్దరు, కింద తలుపు తెరుచుకుంది, వస్తన్నానే సత్యా, ఉండు, అంటూ అప్పలకొండమ్మ వట్టి కాళ్ళతో మొదటి మెట్టు ఎక్కింది, వెనక గుమ్మంలో దుర్గ, ముఖం ఎర్రబడిందో, ఏడుస్తోందో, వెనక్కి తిరిగి చూడకుండానే తెలుస్తోంది ఆ పిల్ల రెప్ప వెయ్యకుండా తననే చూస్తోందని, అప్పుడూ ఇలా తలెత్తి చూసే కదా నేర్చుకుంది, చూడనీ.